ఎడమ చేతిలో పెట్టిన అన్నం పొట్లం

దయ్యాన్ని చూశానని ఏడ్చే పిల్లవాణ్ణి ఆ చోటికే తీసుకెళ్ళి, అక్కడ ఏమీ లేదని ఒప్పించడం నా ఉద్యోగంలో ఒక భాగంగా ఉండేది. అశ్వారావుపేట అవతల అడవి అంచు ఊళ్ళలో ఇరవై ఆరేళ్ళు హాస్టల్ వార్డెనుగా పనిచేశాను. పాడుబడ్డ బావులు, శ్మశానం దారులు, అన్నీ తిరిగాను. నాకు ఒక్కసారి కూడా ఏమీ కనపడలేదు. కనపడుతుందని అనుకోనూ లేదు.

కింది సంగతులు ఆనాటి డైరీ ముందు పెట్టుకుని రాస్తున్నాను.

రిటైరైన మరుసటి సంవత్సరం, అంటే 2003 డిసెంబరులో, మా బావమరిది ప్రభుదాసు రమ్మంటే నేనూ మా ఆవిడా శ్రీలంక వెళ్ళాం. అతనిదీ మా బూర్గంపాడే. అక్కడ పడమటి తీరంలో ఒక బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా ఉండేవాడు. తమిళం బాగా పట్టుబడింది. అతని పక్కింట్లో అంతోని అనే ముసలి జాలరి కాపురం. మాలాగే క్యాథలిక్కులు. గోదావరి తప్ప పెద్ద నీళ్ళు ఎరగని నన్ను సముద్రం మీద వేటకు తీసుకెళతానన్నాడు అంతోని.

ముందు రోజు ప్రభుదాసు నన్ను పక్కకు పిలిచాడు.

"బావా, ఆయన బిడ్డ మేరీ ముందల ఆమె పెనిమిటి ముచ్చట తియ్యకుండ్రి. వేటకు పోయి నెల దాటింది. పడవ దొరికింది, మనిషి దొరకలే. చచ్చిపోయినోళ్ళకు చేసే పూజ చర్చిలో పెట్టిద్దామని అందరంటున్నరు. ఆమేమో వస్తడనే అంటున్నది."

మేరీని అంతకు ముందే చూశాను. పాతికేళ్ళు ఉండవు. సాయంత్రమైతే ఇసుకలో కూర్చునేది. అన్నం ముట్టేది కాదు. ఇట్లాగే ఉంటే కూతురు కూడా దక్కదని అంతోని భయం.

మర్నాడు తెల్లవారాక బయలుదేరాం. అంతోని, ఆయన ఇద్దరు కొడుకులు, ప్రభుదాసు, నేను. మొత్తం అయిదుగురం. మేరీ అయిదు అన్నం పొట్లాలు కట్టి ఇచ్చింది. తాటాకు బుట్టలో వాటిని సర్దింది నేనే.

పదిన్నర ప్రాంతంలో ఆకాశం మూసుకుపోయి వాన దంచింది. ఇంజను ఆపి, పడవ ముందు భాగం మీద టార్పాలిన్ లాగి, దాని కిందికి దూరాం. లోపల చీకటిగా ఉంది. అంచు దగ్గర కూర్చున్న నా ఒళ్ళో బుట్ట ఉంది. వాన తగ్గేదాకా చేసే పనేమీ లేదు కదా, తినేద్దామని ప్రభుదాసు అన్నాడు.

అందరికీ పెట్టి ఆఖరున తినడం నాకు హాస్టల్లో అలవాటైంది. పొట్లం తీసి చీకట్లోకి చాపడం, చెయ్యి వచ్చి అందుకోవడం, మళ్ళీ ఇంకొకటి. మూడోసారి ఎడమ చెయ్యి వచ్చింది. ఎడమ చేత్తో అన్నం తీసుకున్నవాణ్ణి నేను ఎప్పుడూ ఊరికే వదల్లేదు.

"కుడి చెయ్యి పెట్టు!" అని కసిరాను.

ప్రభుదాసు పకపకా నవ్వాడు. "ఏంది బావా, మీ హాస్టల్ పోరగాళ్ళనుకున్నరా? ఇంక నయం, చేతులు కడిగిన్రా అని అడగలే!"

ఆ చెయ్యి వెనక్కి పోలేదు. నేనే పొట్లం పెట్టాను. నా వేళ్ళకు తగిలింది. బాగా నానిన చెయ్యి. వానలో అందరమూ తడిసే ఉన్నాం కాబట్టి అప్పుడేమీ అనిపించలేదు.

ఆఖరున నా పొట్లం కోసం బుట్టలో చెయ్యి పెడితే ఖాళీగా ఉంది.

టార్పాలిన్ ఎత్తించాను. నేను కాక నలుగురు మనుషులు, నాలుగు పొట్లాలు. ఎవరూ రెండు తీసుకోలేదు. పడవ అంతా వెతికాం. నీళ్ళలో జారిపోయిందనుకుందామంటే, అయిదుసార్లూ అవతల చెయ్యి పట్టుకున్నాకే నేను వదిలాను. పైగా ఎడమ చేత్తో తీసుకున్నామని ఎవరూ ఒప్పుకోలేదు.

నేను కసిరింది ఎందుకని అంతోని అడిగాడు. ప్రభుదాసు చెప్పగానే ఆయన ముద్ద ఆకులో పెట్టేశాడు. కొడుకులు శిలువ గుర్తు వేసుకున్నారు. అంతోని చాలాసేపు మాట్లాడాడు. ప్రభుదాసు మెల్లగా చెప్పాడు.

"వీళ్ళు సముద్రం మీద అన్నం చేతికి అందియ్యరట, బావా. బుట్ట నడుమ పెడితే ఎవరిది వాళ్ళు తీసుకుంటరట. చేత్తో పెడితే పిలవనోళ్ళు గూడ చెయ్యి చాపుతరట. మీరు చుట్టం కదా అని కాదనలేకపోయిన్రట." అంతోని మళ్ళీ ఏదో అన్నాడు. "వాళ్ళ అల్లుడికి కుడిచేతి వేళ్ళు పనిచెయ్యవట. అన్ని పనులు ఎడమ చేత్తోనేనట."

ఆ మాట నాకు అంతకు ముందు ఎవరూ చెప్పలేదు. ప్రభుదాసుకూ తెలియదు, ఆ అల్లుడి కాపురం వేరే ఊళ్ళో.

వల ఎత్తి వెనక్కి తిరిగాం. మేరీకి ఈ సంగతి తెలియనివ్వవద్దని అంతోని మా ఇద్దరి చేతులూ పట్టుకున్నాడు.

ఒడ్డున ఆమె టీ, బిస్కెట్లు తెచ్చింది. ఆకలికి ఆగలేక నాలుగు బిస్కెట్లు గబగబా తినేశాను. ఆమె నా వంకే చూస్తూ ఏదో అడిగింది.

"అన్నం సరిపోయిందా అంటున్నది," అన్నాడు ప్రభుదాసు.

సరిపోయిందన్నాను.

"అందులో గుడ్డు తిన్నరా అంటున్నది."

తిన్నానన్నాను.

ఆమె ఎవరి పొట్లంలోనూ గుడ్డు పెట్టలేదట. ఆ మాట చెప్పి తండ్రి వైపు తిరిగింది. ముసలాయన తల వంచుకుని, జరిగినదంతా చెప్పేశాడు. తన ఎడమ చెయ్యి చాపి చూపించినప్పుడు ఆమె కళ్ళు మూసుకుంది. ఏడవలేదు. నన్ను ఒకే మాట అడిగింది.

"ఆయన తిన్నడా అని అడుగుతున్నది, బావా."

నేను చూసింది చెయ్యి ఒక్కటే. మిగిలింది చూడలేదు. అయినా తిన్నాడని చెప్పాను.

ఆ రాత్రి ఆమె అన్నదమ్ములతో కూర్చుని అన్నం తిన్నదని మా ఆవిడ వచ్చి చెప్పింది. వచ్చే ఆదివారం పూజకు ఆమే ఒప్పుకున్నదట.

ఆ పొట్లం ఎవరు తీసుకున్నారో ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. ఏ లెక్కా కుదరడం లేదు. మేరీకి నేను చెప్పింది అబద్ధమని డైరీలో రాయబోయి ఆగిపోయాను. ఆ వాక్యం ఇప్పటికీ సగమే ఉంది.