గాలివిద్య అధ్యాయం

నాలుగేళ్లు పట్టింది నాకు ఆ నవల రాయడానికి. ఒక మంత్రగత్తె దగ్గర శిష్యురాలిగా చేరిన పిల్ల నీటివిద్య, నిప్పువిద్య, గాలివిద్య ఒక్కొక్కటే నేర్చుకునే కథ. ఇల్లు తెనాలిలో, నేను పాఠాలు చెప్పే బడి బాపట్లలో. పొద్దున వంట, పగలంతా పిల్లలు, ఇంటికొచ్చాక మళ్లీ వంట. రాసుకోవడానికి మిగిలేది సాయంత్రం ప్యాసింజరే. కూర్చోగానే కళ్లు మూతలు పడేవి. నాలుగు వాక్యాలు రాస్తే ఆ రోజుకు గొప్ప.

గాలివిద్య దగ్గర కథ ఆగిపోయింది. పిల్ల మంత్రం చదివింది, గాలి లేచింది. ఆపైన ఏమీ తోచలేదు. నెలల తరబడి ఆ పేజీనే తెరిచి మూసేదాన్ని.

ఆ బండిలోనే ఎండుచేపల గంపతో ఒక పెద్దావిడ వచ్చేది. పుట్టింది సముద్రం ఒడ్డు ఊళ్లో, ఇప్పుడుండేది తెనాలిలో. ఒకరోజు అడిగింది.

"రోజూ ఏంటి టీచరమ్మా ఆ రాత?"

"కథ పెద్దమ్మా," అని ఆగిన చోటు దాకా చెప్పాను.

"మంత్రం చదివితే గాలి వచ్చుద్దా?" అంది ఆమె. "మా అయ్య నన్నూ మా అన్ననీ ఏడాదంతా ఒడ్డున కూర్చోబెట్టాడు. గాలి ఎటు తిరుగుద్దో చెప్పమనేవాడు. తప్పు చెబితే తిట్టేవాడు కాదు, రేపు చెప్పు అనేవాడు. విసుగొచ్చి ఏడ్చేదాన్ని."

"చివరికి తెలిసిందా?"

"ముందు నాకే తెలిసింది. వద్దయ్యా, ఈరోజు సముద్రంలోకి పోవద్దంటే ఆగాడు. పోయినోళ్లు మూడో రోజుకి గానీ తిరిగి రాలేదు."

"మరి మిమ్మల్ని పడవెక్కించాడా?"

"అన్ననెక్కించాడు. నాకు గంపిచ్చాడు."

ఆ మాట ఆమె మామూలుగానే అంది. నేను ఆ పేజీ మళ్లీ తెరిచాను.

మంత్రం కొట్టేశాను. నా కథలోని పిల్లను కూడా ఏడాది ఒడ్డున కూర్చోబెట్టాను. అధ్యాయం పూర్తయ్యాక ఆమెకు చదివి వినిపిస్తే సగం విని, గంప మీద చెయ్యి వేసుకుని నిద్రపోయింది. లేపబుద్ధి కాలేదు. తెల్లవారుజామునే లేచిన మనిషి.

నవల పూర్తిచేసి పంపిస్తే ప్రచురణకర్త ఫోన్ చేశాడు. "బాగుందండి. కానీ ఇంత పెద్దవి ఇప్పుడెవరూ చదవట్లేదండి," అన్నాడు. సరేనండి అన్నాను. వాదించే ఓపిక లేదు.

ఆ వేసవిలో నన్ను రేపల్లెకు బదిలీ చేశారు. ఆ లైను వేరు, బండి వేరు. ఆమెకు చెప్పి రావడానికి కూడా కుదరలేదు. ఇప్పుడు బండిలో ఏమీ రాయడం లేదు. సీటు దొరికితే నిద్రపోతున్నాను.