ఉప్పునీళ్లలో మా జామచెట్టు

ఇవాళ లంబాలైన్ వీధిలో తోపుడుబండి మీది జామపండ్ల వాసన తగలగానే ఒళ్లు మండింది. మా చౌల్దారీ ఊరి నేస్తాలూ, గుర్తుందా? సునామీ తర్వాత క్యాంపులో నెలల తరబడి పప్పన్నమే తిన్నాం. మా తమ్ముడి చిగుళ్లలోంచి రక్తం కారేది.

క్యాంపు చూడడానికొచ్చిన ఒక మేడమ్ అమ్మతో, "రోజూ అమ్రూద్ పెట్టండి దీదీ. జామకాయలో నారింజకన్నా విటమిన్ సి ఎక్కువ" అంది.

అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని సముద్రం ముంచేసిన మా పొలానికి లాక్కెళ్లింది. మోకాలిలోతు ఉప్పునీళ్లలో మా జామచెట్టు ఎండిపోయి నిలబడి ఉంది.

"కోసియ్యండి మేడమ్, ఇప్పుడే పెట్టీస్తాను!" అని అరిచింది అమ్మ.

ఆవిడ చెట్టును ఫొటో తీసుకుని జీపెక్కింది. జామకాయ సంగతి సరే, విటమిన్ బిళ్ల కూడా పంపలేదు.

తిండి లేనివాళ్లకు ఏం తినాలో పాఠం చెప్పినవాళ్లను మీరు క్షమించారా? నేను క్షమించలేదు.