బొట్టు పెట్టిన గ్రైండరు

పెందుర్తి కూడలికి కొంచెం ఇవతల, సిటీ బస్సులు ఆగే చోట పోతమ్మ ఇడ్లీల బడ్డీ ఉన్నది. ఆమె కె.కోటపాడు వైపు పల్లె మనిషి. వివాహానంతరం భర్త గవర్రాజుతో ఈ నగరానికి వచ్చి, కొన్నేళ్లు మేడల పనుల్లో ఇటుకలు మోసి, ఆ పిమ్మట బడ్డీ పెట్టుకున్నది. గవర్రాజు ఉక్కు కర్మాగారంలో గుత్తేదారు వద్ద క్రేను నడుపుతాడు. నేను అదే వీధిలో నివసించు ఉపాధ్యాయుడను గనుక, క్రింద వ్రాయు విషయములు చాలా వరకు నా కన్నులతో చూచినవే.

ఎవరైనా ఇడ్లీ పులిసిందంటే పోతమ్మ వాదించదు. ఆ పళ్లెంలోనిదే ఒక ముక్క తాను తిని చూస్తుంది. పులిసిన మాట నిజమైతే గిన్నెడు పిండీ కాలువలో పోస్తుంది. కాకపోతే, అన్నవాడు మొత్తం తిని వెళ్లవలసిందే.

రోలు త్రిప్పి త్రిప్పి ఆమెకు కుడి భుజం పట్టేసింది. వైద్యులు రోలు మానుకోమన్నందున ద్వారకా నగర్‌లోని ఒక పెద్ద దుకాణంలో హోటళ్లలో వాడే గ్రైండరు కొన్నది. కొన్న రోజున అక్కడివారు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, "మేడమ్" అని పిలిచి, శీతల పానీయం ఇచ్చినారు.

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు కర్మాగారంలో గవర్రాజు క్రేనుకు పసుపు రాసి గుమ్మడికాయ కొట్టినారు. ఇంటి వద్ద పోతమ్మ గ్రైండరును తడిగుడ్డతో తుడిచి, ప్రక్కన పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసింది. పండుగ వెళ్లిన వారంలోనే గ్రైండరు ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది.

దుకాణం వారిచ్చిన నెంబరుకు ఫోను చేస్తే ఒకటి నొక్కమన్నారు, మరొకటి నొక్కమన్నారు. తెలుగు కొరకు నొక్కితే హిందీ వచ్చింది.

"మాస్టారూ, ఎవుర్తో గాని 'మీ ఫోను మాకు సానా ముక్కెం' అంటంది. అంత ముక్కెమైతే ఎత్తొచ్చు కదేటి?" అని ఆమె నన్ను అడిగింది.

ఎట్టకేలకు దుకాణం నుంచి గుణశేఖర్ అనే మెకానిక్కు వచ్చినాడు. ఒక్క మరైనా విప్పలేదు. పసుపును ఫోనులో ఫొటో తీసి, "పసుపునీళ్లు మోటార్లోకి ఎల్లిపోయాయి. కస్టమర్ మిస్టేకు. వారంటీ రాదు," అని వెళ్లిపోయినాడు.

పోతమ్మ దుకాణానికి వెళ్లింది. క్రింది అంతస్తు వారు పైకి పంపినారు, పైవారు కంపెనీని అడగమన్నారు. కంపెనీ వారు దుకాణాన్నే అడగమన్నారు. చివరకు మేనేజరు దేవీప్రసాద్, కొనుగోలుదారుల నడుమ నిలబడి, "మిషన్‌కి పూజలేంటమ్మా? అంత భక్తి ఉంటే దేవుడి గదిలో పెట్టుకోవలసింది," అన్నాడు. పదిమందీ నవ్వినారు.

ఆమె ఇంటికి వచ్చి మరల రోలు ముందు కూర్చున్నది. పిండి సగమైంది. బేరాలు ప్రక్క బడ్డీకి మళ్లినవి. అంతకన్న ఆమెను కాల్చిన మాట వేరొకటి. పోతమ్మ చేతి పసుపే కొత్త గ్రైండరును ముంచిందని వీధిలో అనుకోసాగినారు.

"పోనీయే, మనవే బాగు సేయించుకుందాం," అన్నాడు గవర్రాజు.

"సేయించుకుంటే తప్పు నాదయిపోద్ది. నాను సేయించను."

వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు వ్రాసి ఇచ్చెదనని నేను తెలియజేసినాను.

"రాద్దురు గాని మాస్టారూ. ముందు నా నోరు ఉంది కదా, దాన్ని వాడనీండి," అన్నది.

మరునాడు బడ్డీ మూసి, తనను అక్క వరుసన 'అప్పా' అని పిలిచే ఎల్లాజీ ట్రాలీ ఆటోలోకి గ్రైండరును ఎక్కించింది. సాక్షిగా నన్ను రమ్మన్నది. దారి పొడవునా ఎల్లాజీ, "అప్పా, పెద్ద షాపోళ్లతోటి మనకేటి? పోలీసులొత్తే నా బండి ఇరుక్కుంటాది," అని గొణుగుతూనే ఉన్నాడు.

"వొత్తే ఆలకీ ఇడ్లీలెడతాను. నువ్వు పోనీ."

దుకాణానికి మనిషిని చూడగానే వాటంతటవే తెరచుకొనే గాజు తలుపులు ఉన్నవి. గ్రైండరును సరిగా ఆ గడప నడుమ దింపించింది. తలుపులు మూసుకొనబోయి, తగిలి, మరల తెరచుకొనసాగినవి. వాచ్‌మన్ తీయమన్నాడు.

"నువ్వే ఎత్తు బాబూ. నా బుజం పోనాది."

లోపలి రాయి బరువుకు అతడు కదిలించలేకపోయినాడు. జనం మూగిన తరువాత దేవీప్రసాద్ వచ్చినాడు.

"మళ్లీ ఏంటమ్మా? చెప్పాం కదా, పసుపునీళ్లు పోశారని."

"నీళ్లు పొయ్యనేదు. బొట్టెట్టాను. బొట్టెడితే మిషన్లు పాడయిపోతాయేటి బాబూ?"

"పోతాయి మరి."

"అలాగా?" అని ఆమె తిన్నగా బిల్లులు వేసే బల్ల వద్దకు నడిచింది. అక్కడి కంప్యూటరు నుదుట పసుపు, కుంకుమ. బిల్లు యంత్రానికీ అవే. లిఫ్టు తలుపులకు సైతం మూడేసి బొట్లు. దసరా నాడు దుకాణం వారు పెట్టుకున్నవి, ఎవరూ తుడవలేదు.

"ఇయ్యన్నీ ఎలా పన్జేత్తన్నాయి? మీ పసుపు ఏరూ, మా పసుపు ఏరా?"

బిల్లు కట్టడానికి నిలబడిన ఒక గృహిణి, "మా ఫ్రిజ్జుకీ పెట్టానండీ. అదీ పోద్దేటి?" అన్నది. వెనుకనుంచి ఎవరో, "లిఫ్టెక్కకండర్రా, దానికీ బొట్టుంది!" అన్నారు. ఈసారి నవ్వు మేనేజరు వైపు తిరిగింది.

"దీని మరలు ఇప్పించండి. అందరూ సూడాల," అన్నది పోతమ్మ.

గుణశేఖర్‌ను పై అంతస్తు నుంచి పిలిపించినారు. అతడు తల వంచుకొని మరలు విప్పినాడు. లోపల పసుపు జాడ గాని తడి గాని లేదు. ఒక తీగ మాత్రం కొస వదులై నల్లగా కాలి ఉన్నది. "కంపెనీలోనే సరిగ్గా బిగించలేదు సార్," అన్నాడు మెల్లగా.

దేవీప్రసాద్ గొంతు మార్చి, "సరే మేడమ్, మీరు పేదవారు గనుక, మానవత్వంతో ఈ ఒక్కసారికి కొత్తది ఇస్తాం," అన్నాడు.

ఇంతటితో సరిపోయిందని నేను భావించినాను. పోతమ్మ గ్రైండరుపై చేయి వేసి నిలబడింది.

"మానవత్వం మీకాడే ఉంచుకో. నలుగుర్లో నా తప్పన్నావు. ఇప్పుడు కాదని నలుగుర్లోనే సెప్పు. సెప్పకపోతే కొత్తదీ వద్దు, ఇది ఇక్కడే ఉంటాది."

తలుపులు ఇంకొకమారు తగిలి తెరచుకున్నవి. లోనికి రాలేక వీధిలో నిలిచిన వారి వంక అతడు చూచినాడు.

"తప్పు మాదేనమ్మా."

"ఎనకాలోళ్లకి ఇనపడనేదు."

"తప్పు మాదే. మిషన్‌దే లోపం. మీ పసుపు వల్ల కాదు," అని అతడు గట్టిగా పలికినాడు.

అప్పుడామె గ్రైండరుపై చేయి తీసి, ఎల్లాజీకి సైగ చేసింది. పాతది గడప దాటి లోనికి జరిగింది, కొత్తది ట్రాలీలోకి ఎక్కింది. దేవీప్రసాద్ బయటివరకు వచ్చి, గ్రైండరు ప్రక్కన నవ్వుతూ నిలబడితే ఒక ఫొటో తీసి ఇంటర్నెట్‌లోని తమ పేజీలో పెట్టుకుంటామని బ్రతిమాలినాడు.

"నవ్వేది నాను నవ్వుకుంటాను బాబూ, మీ పేజీకి కాదు. జరుగు, పప్పు నానెయ్యాల," అని ఆమె ఎల్లాజీ వీపు తట్టింది. బండి కదిలింది.