చెయ్యి కాలకముందే చెప్పిన విశాలాక్షి గారు

విశాలాక్షి గారు ఇక లేరన్న వార్త నాకు మెట్రోలో అందింది. వైశాలిలో బండి ఎక్కి కూర్చున్నానో లేదో ఆవిడ కూతురు మాధవి ఫోన్ చేసింది. "రమా ఆంటీ, మమ్మీ నహీ రహీ" అని ఆగిపోయింది. పొద్దున్న కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. ముందురోజు సాయంత్రమే నేను పంపిన మెసేజ్‌లో రెండు అక్షరదోషాలు దిద్ది, "వయసొచ్చింది, ఒత్తులు మాత్రం రాలేదు" అని నవ్వు బొమ్మ పెట్టి పంపిన మనిషి! తరువాతి స్టేషన్‌లో దిగిపోయి ఇందిరాపురంలోని వాళ్లింటికి చేరేదాకా ఆ వాక్యాన్నే పదేపదే చదువుకున్నాను.

ఆవిడ రచయిత్రి అంటే చాలామంది ఒప్పుకోరు. ఏ గ్రంథాలయంలోనూ ఆవిడ పుస్తకం దొరకదు. అమలాపురంలో పుట్టి, కేంద్ర ప్రభుత్వోద్యోగి అయిన భర్త వెంట ఢిల్లీ వచ్చి, గురుగ్రామ్‌లోని ఒక యంత్రాల కంపెనీలో పాతికేళ్లు పనిచేశారు. ఆసుపత్రులకూ హాస్టళ్లకూ పెద్దపెద్ద ఆవిరి వంటపాత్రలు తయారుచేసే కంపెనీ అది. యంత్రాన్ని ఎలా వాడాలో చెబుతూ దానితోపాటు వెళ్లే మాన్యువల్ రాయడం ఆవిడా నేనూ పనిచేసిన విభాగం పని. అందులో ఎక్కడ 'ప్రమాదం' అనాలి, ఎక్కడ 'హెచ్చరిక' అనాలి, ఎక్కడ 'జాగ్రత్త' అంటే సరిపోతుంది అనే విషయంలో ఆవిడదే తుది తీర్పు. ప్రాణం పోవడం ఖాయమైన చోట మొదటి మాట, పోవచ్చు అన్న చోట రెండోది, చిన్న గాయంతో బయటపడే చోట మూడోది. ఈ మూడు మాటలనూ ఆవిడ మంత్రాక్షరాలంత నిష్ఠతో వాడేవారు.

కరీంనగర్ నుంచి వచ్చి కొత్తగా చేరిన రోజుల్లో నేను రాసిన మొదటి మాన్యువల్ పట్టుకెళ్లి ఆవిడ ముందు పెట్టాను. పేజీ నిండా హెచ్చరికలే. పుస్తకం అంచు తగిలి వేలు తెగవచ్చు అని కూడా రాశాను. ఆవిడ కళ్లజోడు తీసి నా వంక చూశారు.

"ఏవిటమ్మాయ్ ఇది? వంటపాత్ర గురించి రాశావా, పులి గురించి రాశావా?"

"మంచిగనే రాసిన అనుకున్న మేడమ్. ఏదీ ఇడిచిపెట్టలే."

"అదే వచ్చిన చిక్కు. అన్నిటికీ కేకలేస్తే ఎవడూ దేనికీ తలెత్తి చూడడు."

ఎర్ర కలంతో కొట్టేస్తూ పోయారు. చివరికి నాలుగే మిగిలాయి. ఆ నాలుగింటి కింద మాత్రం ఏమవుతుందో, కాకుండా ఏం చేయాలో నా చేతే రాయించారు. ఆ మధ్యాహ్నం నేను కన్నీళ్లు పెట్టుకుంటే, తన డబ్బాలోని పులిహోర సగం నాకు పెట్టి, "దీనికి హెచ్చరిక అక్కర్లేదు, తిను" అన్నారు.

హిందీ లేబుల్ విషయంలో ఆవిడ గురువు మా క్యాంటీన్‌లో పనిచేసే సునీతా దీదీ. అనువాదకుడు 'ఉష్ణ సతహ్' అని రాసి పంపాడు. అంటే వేడి ఉపరితలం. విశాలాక్షి గారు ఆ కాగితం దీదీకి చూపించి అర్థమేమిటని అడిగారు. దీదీ చాలాసేపు చూసి, "ఏదో పూజకు సంబంధించినదా?" అంది. "మరి నువ్వయితే ఏమంటావ్?" అని అడిగితే, "గరమ్ హై, హాథ్ మత్ లగానా, ఇంకేమంటాను!" అంది. వేడిగా ఉంది, చెయ్యి పెట్టకు అన్న ఆ మాటే అక్షరం మార్చకుండా లేబుల్ మీదికెక్కింది. ఆ రోజంతా ఆవిడ తన గోదావరి యాసలో ఆ హిందీ వాక్యాన్ని సాగదీసి పలుకుతూ ఆఫీసంతా తిరిగారు.

ఆవిడ ఔన్నత్యం నాకు పూర్తిగా తెలిసొచ్చింది మాత్రం నా తప్పు వల్ల. ఒక కొత్త పాత్ర మాన్యువల్ అచ్చయి, పెట్టెల్లోకి వెళ్లడానికి సిద్ధంగా ఉంది. విశాలాక్షి గారు అలవాటు కొద్దీ ఇంకొకసారి చదివారు. ఆరో మెట్టు: మూత తీయండి. దాని కింద హెచ్చరిక: మూత తీసేముందు ఆవిరి పూర్తిగా వదలాలి. పేజీ సర్దేటప్పుడు, పైన ఉండాల్సిన హెచ్చరిక కిందికి జారిపోయింది. చివరి ప్రూఫు మీద సంతకం నాది.

మీటింగులో ఆవిడ నా పేరే ఎత్తలేదు. "తప్పు నా విభాగానిది, మళ్లీ అచ్చు వేయాలి" అన్నారు. జనరల్ మేనేజర్ గారు ఒప్పుకోలేదు. "మేడమ్, హెచ్చరిక అదే పేజీలో ఉంది కదా! జనం పేజీ మొత్తం చదువుతారు."

"అచ్ఛా. అయితే రండి సర్, మీరే చేసి చూపించండి."

అందరం వర్క్‌షాపులోకి వెళ్లాం. పాత్ర చల్లగానే ఉంది. ఆవిడ చదువుతున్నారు, ఆయన చేస్తున్నారు. "ఆరు. మూత తీయండి." ఆయన తీసేశారు. ఆవిడ గొంతు మార్చకుండా, "హెచ్చరిక. మూత తీసేముందు ఆవిరి పూర్తిగా వదలాలి" అని చదివారు. మూత పట్టుకుని ఆయన అలాగే నిలబడిపోయారు. ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి కాలిన గాయాల ఆయింట్‌మెంట్ తీసి ఆయన చేతిలో పెట్టి, "రాసుకోండి సర్" అన్నారు. ముందు ఫక్కుమన్నది ఆయనే. ఆ వెనక వర్క్‌షాపంతా నవ్వింది. పుస్తకం మళ్లీ అచ్చయింది.

తిరిగి వస్తూ నాతో అన్నారు: "చదివేవాడు తెలివితక్కువవాడు కాదమ్మాయ్, చేతిలో పనున్నవాడు. ఒక కన్ను కాగితం మీద, ఒక కన్ను పొయ్యి మీద. మనం చెప్పేది వాడి చెయ్యి కన్నా ముందు చేరాలి." నా సంతకం గురించి ఆనాడే కాదు, ఆ తరువాత కూడా ఎన్నడూ ఒక్క మాట అనలేదు.

కర్మకాండ ముగిశాక మాధవి నన్ను పక్కకు పిలిచింది. "ఆంటీ, మమ్మీ అంత రాసింది కదా, ఎక్కడా పేరు లేదు. ఒక్కసారి చూపిస్తారా, తన పని ఎక్కడుందో?"

ఇందిరాపురానికి దగ్గర్లోనే ఉన్న ఒక ఆసుపత్రి వంటశాలకు అనుమతి అడిగి తీసుకెళ్లాను. మా కంపెనీ పాత్ర అక్కడ ఉంది. రోగుల కోసం కిచిడీ ఉడుకుతోంది. వంటమనిషి పాటేదో కూనిరాగం తీస్తూ వచ్చి, అలవాటైన చేత్తో వాల్వు తిప్పాడు. ఆవిరి బుస్సుమంటూ గొట్టంలోంచి బయటికి పోయింది. ఒత్తిడి చూపే ముల్లు సున్నాకు దిగేదాకా ఆగి, మూత తీసి, గరిటె పెట్టి కలిపాడు.

మాధవి ఇంకా ఎదురుచూస్తోంది. "ఇప్పుడేం జరుగుతుంది?"

"ఏం లేదు బిడ్డా, అయిపోయింది. గిదే మీ అమ్మ పని."

ఒక్క క్షణం ఆ పిల్లకు అర్థం కాలేదు. తరువాత ఆ వంటమనిషి చేతుల వంక చూసింది. కాలిన మచ్చ ఒక్కటీ లేని చేతులు. కళ్లనిండా నీళ్లతో నవ్వేసింది, నేనూ నవ్వాను. ఎందుకు నవ్వుతున్నామో తెలియని ఆ మంచి మనిషి మా ఇద్దరికీ చెరొక గిన్నెలో వేడివేడి కిచిడీ పెట్టాడు.

విశాలాక్షి గారి స్థానం మా విభాగంలో ఎవరూ పూరించలేరు. ఆవిడ ఎవరో ఎన్నడూ తెలియని వేలాది చేతులు ఈ పూట కూడా చల్లగా అన్నం వండుతున్నాయి. ఆ చేతులన్నిటి తరఫునా ఆ మహనీయురాలికి నేను నమస్కరిస్తున్నాను.