మనసులో చదివితే వినబడదట

సూరత్‌లోని మా తెలుగు బడి మూడో తరగతిలో ఈ రోజు కొత్త పద్ధతి పెట్టాను. ఎవరికి నచ్చిన కథల పుస్తకం వాళ్లు తీసుకుని, పావుగంటసేపు మనసులో చదువుకోవాలి. అందరూ తలలు వంచారు. రజిత మాత్రం పక్క వీధికి వినబడేలా మొదలుపెట్టింది.

"మనసులో చదువుకో రజితా" అన్నాను.

"మనసుల చదివితే నాకే ఇనవడ్తలేదు టీచర్!"

పిల్ల తప్పేం లేదు. నేతపనికి తెలంగాణ నుంచి ఇక్కడికి వచ్చిన కుటుంబాలు మా పిల్లలవి. వాళ్ల ఇళ్ల కింద పగలూ రాత్రీ పవర్‌లూమ్‌లు చెవులు పగిలేలా ఆడుతూనే ఉంటాయి. అక్కడ అరిచి అడగకపోతే కంచంలో కూర కూడా పడదు. పక్కన కూర్చుని, పెదాలు కదపకుండా కళ్లతో చదవడం ఎలాగో చూపించి, నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను.

కాసేపటికి ఆ నిశ్శబ్దంలో కిసుక్కుమని ఒక నవ్వు. రజితే! కోతి బొమ్మ ఉన్న పేజీలోకి ముఖం దూర్చేసి నవ్వుకుంటోంది. నేను ఉండబట్టలేక, "ఏముందే అందులో? నాకూ చెప్పు!" అని కుర్చీలోంచే కేకేశాను.

తలైనా ఎత్తకుండా పెదాల మీద వేలు పెట్టింది.

"జర లొల్లి చెయ్యకుండ్రి టీచర్. గిప్పుడిప్పుడే ఇనవడ్తాంది."

నోరు మూసుకున్నాను. ఇంత సంతోషంగా ఎప్పుడూ మూసుకోలేదు. మీ నోరు ఎవరైనా ఇంత ముద్దుగా మూయించారా?