చప్పుడు చేయని సానరాయి

సానరాయి కొనేటప్పుడు మా మేనత్త దాని గరుకు చూసేది కాదు. మెదక్ అంగట్లో రాళ్లమ్మేవాడి ముందు కూర్చుని, వెంట తెచ్చుకున్న కూరగాయల చాకును ఒక్కో రాయి మీద మెల్లగా లాగుతూ, చెవి వంచి వినేది.

రజాకార్ల రోజుల్లో అబ్బిన అలవాటది. అప్పట్లో మా ఇంట్లో ఉన్న రాయి గరగరమనేది. ఓ పొద్దున అత్త చాకు నూరుతుంటే, ఆ చప్పుడుకు గస్తీవాళ్లు వచ్చి తలుపు బాదారు.

"ఎవల కోసం నూరుతున్నవ్ కత్తులు?"

అత్త చిక్కుడుకాయల చేట ముందుకు జరిపింది. "కూరకయ్యా, జర చూడుండ్రి."

చాకూ రాయీ పట్టుకుపోయారు గానీ, అటుక ఎక్కి చూడలేదు. కమ్యూనిస్టుల సంఘంలో తిరిగిన మా మామ, దగ్గు బయటికి రాకుండా నోట్లో గుడ్డ కుక్కుకుని, ఆ అటుక మీదే పడుకుని ఉన్నాడు.

పోలీసు చర్య అయ్యాక అత్త ఇంకో చాకు సంపాదించి, నన్ను వెంటబెట్టుకుని మళ్లీ అంగడికి వెళ్లింది. అన్ని రాళ్లూ విని, అరిగి నున్నబడ్డదాన్ని తీసింది.

"గది పదును వెట్టదమ్మా! రజాకార్లు పోయిన్రు, ఇగ భయమెందుకు? గీ గరుకుది తీసుకోండ్రి," అని నవ్వాడు రాళ్లవాడు.

"నాకు గిదే ఇయ్యి," అంది అత్త.

ఇంటికొచ్చి గడియ పెట్టింది. ఇప్పుడు మిలిటరీవాళ్లు సంఘంవాళ్ల కోసం ఇల్లిల్లూ వెతుకుతున్నారు. అత్త చాకు నూరి, అటుక వైపు తలెత్తి అడిగింది.

"ఏమన్న వినవడ్డదా?"

"లేదు," అన్నాడు మామ.

ఆ చాకుకు చిక్కుడుకాయ తెగలేదు. అత్త దాన్ని పక్కన పెట్టి, కాయలు చేత్తోనే తుంచింది.