చార్టులో లేని మనిషి

మా మామయ్య బస్సు డిపోలో చార్టులు వేస్తారు. ఏ డ్రైవరు ఏ బస్సు ఎక్కాలి, ఏ కండక్టరు ఎన్నింటికి దిగాలి, ఎవరికి ఏ రోజు సెలవు, ఇదంతా పెద్ద తెల్ల కాగితం మీద గళ్ళు గీసి రాసి, ప్రతి శనివారం సాయంత్రం డిపో గోడకి అంటిస్తారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. డిపోకి కంప్యూటర్ వచ్చి నాలుగేళ్ళయింది. అయినా అందులో వేసినదాన్ని మళ్ళీ చేత్తో రాసుకుంటే తప్ప ఆయనకి తృప్తి ఉండదు. ఒకసారి గోడెక్కిన చార్టుని మాత్రం ఎవరొచ్చి బతిమాలినా మార్చరు. మీసాల డ్రైవరొకతను చెల్లెలి పెళ్ళని వచ్చి గంటసేపు నిలబడితే, "గోడెక్కేసింది, ఇంక నా చేతుల్లో లేదు" అన్నారట. ఎక్కించింది తానే అన్న సంగతి ఆయనకి గుర్తుండదు.

ఇంట్లోనూ అదే వరస. నేను కాపురానికొచ్చిన మూడో రోజున స్నానాల గది తలుపు మీద కాగితం కనబడింది. నా వంతు ఆరూ ఇరవై నుంచి ఆరూ ముప్పై దాకా. పది నిమిషాల్లో కోడిపిల్ల కూడా తడవదని నేను ఒంటికాలి మీద లేచాను. ఆయన మారు మాట్లాడకుండా మర్నాటికల్లా కొత్త కాగితం అంటించి నాకు ఐదు నిమిషాలు పెంచారు. ఆయన స్నానం ఎప్పుడో అందులో ఉందా లేదా అని నేను చూడలేదు. చూడాలని తోచనూ లేదు.

ఆ ఐదు నిమిషాలూ ఎక్కడినుంచి వచ్చాయో నాకు చెప్పింది మా అత్తయ్య. ఆయన తెల్లవారుజామునే లేచి పెరట్లో కుళాయి కింద పోసుకుంటారట. అత్తయ్య ఆయన్ని అర్థం చేసుకున్నంతగా మేమెవరం చేసుకోలేదు. అయితే అత్తయ్య గురించి ఆయన వినడమే కానీ కళ్ళారా చూడని సంగతి ఒకటుంది. ఆవిడ ఈదుతుంది. మామూలుగా కాదు. ఆవిడ పుట్టిందే సరస్సు ఒడ్డున, వాళ్ళ నాన్న పడవలు అద్దెకిచ్చేవాడు. నడక, ఈత ఒకే ఏడు వచ్చాయని ఆవిడే అంటుంది. ఏటా ఎండాకాలం పిల్లల్ని తీసుకుని ఏదో ఒక సరస్సుకి వెళ్ళి రెండు రోజులు నీళ్ళలో ఉండి వస్తుంది. మామయ్య మాత్రం ఒక్క ఏడాదీ వెళ్ళలేదు. ఎండాకాలమంటే డిపోకి ఊపిరాడని రోజులు. సెలవులకి ఊళ్ళు తిరిగే జనమంతా బస్సులెక్కేది అప్పుడే. వాళ్ళ కోసం వేసే అదనపు బస్సులకి చార్టులు వేయాల్సింది ఈయనే.

ఈ ఏడు ఎండలు ముదరకముందే, భోజనాల దగ్గర, తనంతట తానే సెలవు పెడతానన్నారు. అందరం సరస్సుకి వెళ్దాం, డేరాలో పడుకుందాం, పడవెక్కుదాం అన్నారు. మేము నోళ్ళు వెళ్ళబెట్టాం. మర్నాడు అత్తయ్య బట్టలారేస్తూ నాతో అంది:

"ముప్పై ఏళ్ళయింది పెళ్ళయి. ఆయన నన్ను నీళ్ళలో ఒక్కసారీ చూడలేదమ్మా. ఇంకో రెండేళ్ళకి నా మోకాళ్ళెలా ఉంటాయో. ఈసారి చూస్తే చాలు నాకు."

అప్పటినుంచి ఈ ప్రయాణం గురించి ఆవిడకంటే నాకే ఆత్రం ఎక్కువైంది.

ప్రయాణం శుక్రవారం, శనివారం అనుకున్నాం. సరస్సు దగ్గర డేరాలిచ్చే ఆఫీసుకి ఫోన్ చేసి డేరా మాట్లాడింది మామయ్యే. చార్టు కూడా వేశారు. అది వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీదకెక్కింది. ఎవరు డేరా కొయ్యలు పాతాలి, ఎవరు పొయ్యి రాజేయాలి, పడవలో మొదట ఎవరు తెడ్డు వేయాలి, ఏ సంచి ఎవరు మోయాలి, అన్నీ గళ్ళలో ఉన్నాయి. సెలవు రోజున పదింటికి ముందు కన్ను తెరవని మా ఆడపడుచుని ఐదూ యాభైకి లేపి కట్టెలేరడానికి పంపారు. అది చదివి ఆమె రానని మొండికేసింది. మా ఆయనకి పడవ తాడు కట్టే పని పడింది. ఆయనకి చెప్పుల తాళ్ళు కట్టుకోవడమే సరిగ్గా రాదు. మూడు రోజులు ఇల్లంతా నవ్వులే.

ఆదివారం పొద్దున అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని ఫ్రిజ్ ముందు నిలబడింది. తన ఈత ఎన్నింటికో చూసుకుంది. ఆరున్నర నుంచి ఏడుంబావు. బాగానే ఉంది. తర్వాత వేలు పెట్టి కాగితమంతా పైనుంచి కింది దాకా చూసింది. మళ్ళీ చూసింది. కళ్ళజోడు తీసి గదిలోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళి చూద్దును కదా, సర్దిన సంచిలోంచి ఈత బట్టలు తీసి బీరువాలో పెట్టేస్తోంది.

పరుగున వచ్చి కాగితం చూశాను. మా ఆడపడుచు ఉంది, మా ఆయన ఉన్నారు, నేనున్నాను, అత్తయ్య ఉంది. మామయ్య ఎక్కడా లేరు. సరస్సు ఆఫీసువాళ్ళు పంపిన రసీదు తీసి చూస్తే అందులోనూ నలుగురే.

మామయ్యని పిలిచాను. ఆయన వచ్చి, చార్టు చూసి, రసీదు చూసి, మళ్ళీ చార్టు చూశారు. పరీక్షలో దొరికిపోయిన పిల్లాడిలా నిలబడ్డారు. చెప్పొద్దూ, నాకు కోపం వచ్చింది. రావాలని లేకపోతే ఆ మాట మొదటే చెప్పాల్సిందని అనేశాను. అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది.

"రావాలనే ఉంది" అన్నారాయన, నాతో కాదు, ఆవిడతో. "చార్టు వేసేవాడు చార్టులో ఉండడు. ఇన్నేళ్ళలో నా పేరు ఎప్పుడూ రాసుకోలేదు. చెయ్యి అలవాటు పడిపోయింది."

అది అబద్ధం కాదని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది. నాకు సిగ్గేసింది. కానీ సరస్సు ఆఫీసుకి ఫోన్ చేస్తే, శుక్ర శనివారాల్లో ఇంకొక్క మనిషికి కూడా చోటు లేదన్నారు. డేరాకి నలుగురే, రసీదులో లేనివాళ్ళు సాయంత్రానికల్లా బయటికి వెళ్ళిపోవాలి. మా ఆయన తాను మానేస్తానన్నారు. ఆడపడుచు అంతకంటే గట్టిగా తాను మానేస్తానంది, కట్టెలేరడం తప్పుతుందని. మామయ్య ఇద్దరినీ ఆపి, డిపోలో ఎవరైనా రాకపోతే ఏం చేస్తారో అదే చెప్పారు. డిపోలో స్పేర్ అని ఒకరుంటారు. పొద్దున్నే వచ్చి బల్ల మీద కూర్చోవాలి, ఎక్కడ ఖాళీ పడితే అక్కడికి వెళ్ళాలి, పడకపోతే సాయంత్రం ఇంటికి పోవాలి. తాను అలా పగటి పూట వచ్చి చివరి బస్సుకి తిరిగి వెళ్ళిపోతానన్నారు.

"నాకు స్పేర్ అక్కర్లేదండీ" అంది అత్తయ్య.

ఆవిడ గొంతు పెంచలేదు.

నేను ఫోన్ ఇంకా పెట్టేయలేదు. అవతలి ఆవిడ అంతా విన్నట్టుంది, మంగళ బుధవారాలైతే ఐదుగురు పట్టే డేరా ఖాళీగా ఉందని చెప్పింది. మా మందుల షాపులో నా సెలవు మార్చుకోవడం నాకు పెద్ద పని కాదు. మా ఆయనా సరే అన్నారు, ఆడపడుచుకి ఎలాగూ బడి సెలవులే. చిక్కంతా మామయ్యదే. ఆయన లేని రెండు రోజులూ ఆయన కుర్చీలో కూర్చోవాల్సింది ఒక సీనియర్ కండక్టరు. ఆ కండక్టరుకి మంగళ బుధవారాల్లో బస్సు పడి ఉంది. ఆ బస్సు ఇంకొకరికి రాయాలి. అంటే చార్టు మార్చాలి. అది నిన్న సాయంత్రమే గోడెక్కింది.

అందరం ఆయన వంక చూశాం. ఆయన ఫ్రిజ్ వంక చూశారు. సోమవారం పొద్దున ఎప్పటికంటే అరగంట ముందు డిపోకి వెళ్తానన్నారు. అత్తయ్య మాత్రం బీరువా తెరవలేదు.

ఆ తర్వాత డిపోలో జరిగింది మాకు చెప్పింది మీసాల డ్రైవరు. మంగళవారం మేమెక్కిన బస్సు నడిపింది అతనే. సార్ ఎర్ర పెన్ను పట్టుకుని గోడ ముందుకెళ్ళేసరికి చాయ్ తాగుతున్నవాళ్ళంతా లేచి వచ్చేశారట. ఆయన రెండు గళ్ళు కొట్టేసి, కొత్తగా రాసి, కింద సంతకం పెట్టారట. గోడెక్కాక మారదన్నారుగా సార్ అని ఇతను అడగనే అడిగాడట.

"అన్నాను. నువ్వు కూడా ఈసారి కావాల్సినప్పుడు కాగితం రాసివ్వు, చూస్తాను" అన్నారట మామయ్య.

అది చెబుతూ మీసాల డ్రైవరు అద్దంలోంచి మామయ్యని చూసి నవ్వాడు. మామయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. అత్తయ్య ఆయన పక్క సీట్లో ఉంది, ఈత బట్టలున్న సంచి ఒళ్ళో పెట్టుకుని. సోమవారం సాయంత్రం ఆయన ఇంటికొచ్చి కొత్త చార్టు చేతికిచ్చాక ఆవిడే బీరువా తెరిచింది. ఆ చార్టులో ఐదో వరస ఉంది. పనుల గళ్ళన్నీ ఖాళీ. బుధవారం పొద్దున ఆరున్నర గడిలో మాత్రం ఒక్క మాట రాశారు, చూడడం అని.

సరస్సు నీళ్ళు నల్లగా, చల్లగా ఉన్నాయి. డేరా రెండుసార్లు కూలి మూడోసారి నిలబడింది. పడవ తాడు మా ఆయన కట్టిన పది నిమిషాలకే ఊడి, పడవ తనంతట తాను వెళ్ళిపోతే ఆడపడుచు ఈదుకుంటూ వెళ్ళి లాక్కొచ్చింది. కట్టెలు ఎవరూ ఏరలేదు. మామయ్య చార్టు సంచిలోంచి బయటికే తీయలేదు.

బుధవారం పొద్దున అత్తయ్య చెక్క మెట్ల మీద నిలబడి జుట్టు ముడేసుకుంది. మామయ్య పై మెట్టు మీద తువ్వాలు పట్టుకుని కూర్చున్నారు. ఆవిడ చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారింది. యాభై ఐదేళ్ళ మనిషి, మెట్లెక్కితే ఆయాసపడే మా అత్తయ్య, అక్కడ ఏ బరువూ లేని మనిషైపోయింది. చేతులు ఒకదాని వెనక ఒకటి తీరిగ్గా పడుతున్నాయి. దూరంగా తేలే చెక్క తెప్ప దాకా వెళ్ళి, దాన్ని తాకి, వెల్లకిలా తిరిగి వచ్చింది. మామయ్య ఎప్పుడు లేచి నిలబడ్డారో నేను చూడలేదు. ఆయన కాళ్ళు చెప్పులతో సహా నీళ్ళలో ఉన్నాయి.

"ప్రతి ఏడూ ఇలాగే ఈదేదా?" అని అడిగారు నన్ను. నాకు పెళ్ళయి ఆరేళ్ళే, నేను చూసిన ఆరేళ్ళూ ఇలాగే అన్నాను. ఆయన తల ఊపారు.

అత్తయ్య మెట్టు పట్టుకుని పైకి వచ్చి, ముఖం మీద నీళ్ళు తుడుచుకుని ఆయన వంక చూసింది. తువ్వాలు కోసం చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు.

"ఇంకొక్కసారి వెళ్ళిరా" అన్నారు.